దుప్పటి చాటు రంద

వానలకు స్నానాల గది తలుపు ఉబ్బింది. వేస్తే పడదు, పడితే తెరుచుకోదు. ఈ వయసులో తలుపుతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. జనగామలో మా వీధి మొదట్లో ఉన్న ఫర్నిచర్ దుకాణం నుంచి ఒకాయనను పిలిపించాను. ఆయన సంచిలోంచి మిషను తీశాడు, ప్లగ్గు పెట్టాడు, తలుపును నేల మీద పడుకోబెట్టి అంచు మీద నడిపించాడు. ఇల్లంతా ఒకటే రొద. గోధుమపిండి లాంటి దుమ్ము లేచి నా టీ గ్లాసులో, మంచం మీద, దేవుడి పటాల మీద పడింది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని కూర్చున్నాను.

"చేతి రంద లేదా నాయినా?" అని అడిగాను రొద ఆగాక.

"గదెక్కడిది పెద్దమ్మా. గిప్పుడు ఎవలు పడుతున్నరు? గంట పని నిమిషంల అయితాంటే చెయ్యెందుకు నొప్పిచ్చుకోవాలె?" అన్నాడు.

న్యాయమైన మాటే. ఆయన తలుపు బిగించి వెళ్ళిపోయాడు. చీపురు పట్టుకొని ఆ దుమ్ము ఊడుస్తూ వాసన చూశాను. కట్టె వాసన లేదు, జిగురు వాసనే ఉంది. ఎక్కడో మిగిలిన పొడిని జిగురుతో అతికించి చేసిన తలుపు అది, దాన్ని ఏ చెట్టువని అడిగితే ఏం చెబుతుంది? నడుము పట్టేసి సగంలోనే కూలబడ్డాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎటో వెళ్ళిపోయాను.

మాది పాలకుర్తి దగ్గర ఒక పల్లె. వడ్రంగం మా కులవృత్తి. పుస్తకాల్లో చిత్రిక అని రాస్తారే, ఆ పనిముట్టును మా ఇంట్లో రంద అంటారు. మాకు రెండు ఉండేవి. పెద్ద రంద మూరెడు పొడుగు. ఒకరు తోస్తుంటే ఎదుట కూర్చొని ఇంకొకరు లాగాలి. చిన్న రంద అరచేతిలో ఇమిడిపోయేది. చండ్ర కర్రను తొలిచి, మధ్యలో ఉక్కు పలకను ఏటవాలుగా దింపి, అది కదలకుండా చెక్క చీల కొట్టి మా తాత చేసిందట అది. పెద్ద రంద చెక్కను చదును చేస్తుంది. ఆఖరి నునుపు, మూలల పొందిక మాత్రం చిన్న రంద పని.

ముఖ్యంగా దర్వాజ పని. దర్వాజ అంటే మా వైపు తలుపు కాదు, తలుపును మోసే చట్రం. కింద కడప, అంటే గడప, పైన అడ్డచెక్క, రెండు పక్కలా నిలువు చెక్కలు. నిలువు చెక్కల చివర నాలుకలు తీస్తారు. కడపలో తొలిచిన రంధ్రాల్లో ఆ నాలుకలు బిర్రుగా కూర్చోవాలి. వదులైతే ఊగుతుంది, మరీ బిగువైతే కడప చీలుతుంది. ఆ రెండింటికీ మధ్య ఉండేది వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసి కోసమే ఊళ్ళవాళ్ళు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

అయితే ఆ వెంట్రుకవాసిని తీసేది మా నాయిన కాదు. మా అమ్మ. ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం, మా వైపు అంతే.

నాయిన మంచి పనివాడే. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు బండి చక్రానికి కాలిన ఇనుప పట్టా ఎక్కిస్తుంటే అది జారి కుడిచేతి మీద పడింది. బొటనవేలు, పక్క వేలు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. ఆ చేత్తో బాడిస పట్టేవాడు, రంపం లాగేవాడు, పెద్ద రంద తోసేవాడు. చిన్న రంద బలంతో నడిచేది కాదు. కట్టె ఎటు ఒప్పుకుంటోందో, ఎటు మొరాయిస్తోందో వేళ్ల కొసలకు తెలియాలి. నాయిన వేళ్ల కొసలకు నిప్పు తగిలినా తెలిసేది కాదు.

అవ్వ పుట్టిల్లు గూడూరు. అక్కడి తాతదీ ఇదే పని. మగపిల్లలు లేని ఇల్లు, అందుకని పెద్ద రంద అవతలి కొస లాగడానికి అవ్వే కూర్చునేదట. చూసి చూసి చిన్న రంద కూడా పట్టడం వచ్చింది. నాయిన చెయ్యి పోయినప్పుడు ఇంట్లో గింజలు అడుగంటాయి. ఒకరోజు అవ్వ చిన్న రంద తీసుకొని లోపలి అర్రలోకి వెళ్ళి తలుపు వేసుకుందట. సాయంత్రానికి కడప చెక్క అద్దంలా బయటికొచ్చింది. నాయిన దాని మీద చెయ్యి పెట్టి, చెయ్యికి ఏమీ తెలియక చెంప ఆనించి చూశాడట. ఈ కథ మా బాపమ్మ, అంటే నాయిన తల్లి, ముక్కుపొడుం పీలుస్తూ మాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చివర, "గీ ముచ్చట గడప దాటితే మీ నాలుకలు కోస్త" అనేది.

గడప దాటితే నిజంగానే కొంప మునిగేది. ఆడమనిషి చెయ్యి పడ్డ దర్వాజ ఇంటికి అరిష్టం అనేవాళ్ళు. నెలసరికి బయట కూర్చునే మనిషి రంద పట్టడమేంటి, ఆ దర్వాజకు పసుపు బొట్టు పెట్టి దండం పెట్టుకోవడమేంటి? పక్క ఊరి వడ్రంగి మా దర్వాజ పనుల మీద కన్నేసి ఉన్నాడు కూడా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది గనుక మేమంతా నోరు కుట్టుకున్నాం.

మా పిల్లల పని కాపలా. ఎవరైనా వాకిట్లోకి వస్తుంటే నేనో తమ్ముడో "అవ్వా, గంజి పొంగుతాంది" అని అరవాలి. లోపల రంద చప్పుడు ఆగేది. అవ్వ రందను బియ్యం కుండలో పూడ్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చేది. మిట్టమధ్యాహ్నం, పొయ్యి వెలగని వేళ కూడా మా ఇంట్లో గంజి పొంగుతుండేది. ఒకసారి ఒక రైతు నవ్వుతూ, "మీ ఇంట్ల ఎంత గంజి ఒండుతరే బిడ్డా" అన్నాడు. బాపమ్మ వెంటనే, "కష్టం జేసేటోళ్లం నాయినా, కడుపులు పెద్దయి" అంది.

ఆకలైతే నేనూ తమ్ముడూ ఉత్తుత్తిగానే అరిచేవాళ్ళం. అవ్వ చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి, ఎవరూ లేకపోవడం చూసి నా తొడ మెలిపెట్టేది. తర్వాత ఎలాగూ లేచాను గదా అని జొన్నరొట్టెలో ఇంత తొక్కు, ఉల్లిగడ్డ పెట్టి ఇచ్చేది. రొట్టెకు కూడా టేకు వాసన వచ్చేది. మా ఇంట్లో అన్నిటికీ ఆ వాసనే, నీళ్ళకు, జుట్టుకు, దుప్పట్లకు. పొయ్యి రాజేసేది రంద పొట్టుతోనే. సన్నగా చుట్టలు తిరిగిన ఆ పొట్టును నేను చెవులకు లోలాకులుగా పెట్టుకునేదాన్ని, తమ్ముడు ఉమ్మి అంటించి మీసాలు పెట్టుకునేవాడు. వేపపొట్టు మీసం పెట్టుకున్న రోజు వాడి మూతి సాయంత్రందాకా చేదే.

రంద చప్పుడును బట్టి పని ఎలా సాగుతోందో బయటినుంచే చెప్పగలిగేదాన్ని. సర్రున పొడుగ్గా సాగితే అవ్వ సంతోషంగా ఉన్నట్టు. టక్కున తెగితే కట్టె ఎదురు తిరిగినట్టు. అప్పుడు ఆమె చెక్కను తిప్పి పెట్టుకొని, రంద అడుగున ఆముదం గుడ్డ రుద్ది, మళ్ళీ మొదలుపెట్టేది. వంట చేసేటప్పుడు గానీ, నాట్లకు పోయినప్పుడు గానీ అవ్వ ముఖంలో ఆ నిమ్మళం నేను చూడలేదు.

నెలలో కొన్ని రోజులు ఆ చప్పుడు ఉండేది కాదు. అవ్వ వాకిట్లో ఒక మూల చాప వేసుకొని కూర్చునేది. ఆ రోజుల్లో ఆమె రంద ఉన్న అర్ర వైపు చూసేది కూడా కాదు. ఊరివాళ్ళ కంటే ఆమెకే పట్టింపు ఎక్కువ. పని పూర్తయిందా అని ఎవరైనా వస్తే నాయిన తల గోక్కుంటూ "కట్టె ఇంకా ఆరలే" అనేవాడు. రోహిణి కార్తె ఎండల్లో కూడా మా ఇంట్లో కట్టె ఆరేది కాదు.

దర్వాజ నిలబెట్టే రోజున ఇంకో తిప్పలు. అక్కడికక్కడ ఎక్కడో ఒకచోట చిన్న రంద పట్టాల్సి వస్తుంది, అదీ నలుగురి ముందు. దానికి నాయిన ఒక ఉపాయం కనిపెట్టాడు. "దర్వాజకు పసుపు పెట్టేటప్పుడు పదిమంది కన్ను పడొద్దు, మా ఇంటి ఆచారం" అని చెప్పి అడ్డంగా దుప్పటి కట్టించేవాడు. దుప్పటి వెనకకు నాయినతో పాటు అవ్వ పసుపు గిన్నెతో వెళ్ళేది. గిన్నె కింద కొంగులో రంద. బయట బాపమ్మ గొంతెత్తి మంగళహారతి పాడేది. ఆమె గొంతు మహా కర్కశం, రంద చప్పుడేం ఖర్మ, రైలు చప్పుడు కూడా వినిపించదు. కొన్నాళ్ళకు ఆ ఆచారం ఎంత పాకిందంటే, పక్క ఊరి వడ్రంగిని కూడా జనం "దుప్పటి కట్టవా?" అని నిలదీశారు. పాపం అతనూ కట్టాడు. అతని పెళ్ళాం వెనక నిలబడి ఏం చెయ్యాలో తెలియక గోళ్ళు గిల్లుకునేదట.

అలా నడుస్తుండగా లింగాల ఘనపూర్ పటేలు కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. ఆ దర్వాజ మాకిచ్చాడు. గూడూరు అడవి వైపు నుంచి బండి మీద టేకు దిగింది. అంత పెద్ద దర్వాజ మా ఇంట్లో ఎన్నడూ చెయ్యలేదు. ఎండాకాలమంతా నాయిన చెక్కాడు, అవ్వ లోపల నునుపు చేసింది. దాన్ని చూస్తే పై ఊళ్ళ పెద్దిళ్ళ పనులు కూడా మాకే వస్తాయని నాయిన ఆశ. ఆ ఆశతో ఇంట్లో అందరం కొంచెం గట్టిగా నవ్వేవాళ్ళం.

శ్రావణంలో ముహూర్తం. ముందు రోజే బండి కట్టుకొని బయల్దేరాం. దారంతా తుంపర. చెక్కల మీద గోనెసంచులు కప్పాం గానీ గోనెలే తడిసి నీళ్ళోడాయి. పటేలు ఇంటి వెనక కొట్టంలో దిగాం. పటేలు భార్య, అవ్వ ఈడుదే, చంకన చిన్న కొడుకును వేసుకొని వచ్చి మాకు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టించింది. పిల్లవాడు అప్పుడప్పుడే నడుస్తున్నాడు. నేను రంద పొట్టు చుట్టను వాడి వేలికి ఉంగరంలా తొడిగితే ఊడకుండా పిడికిలి బిగించుకొని పడుకున్నాడు.

తెల్లవారి అవ్వ నన్ను గడ్డివాము చాటుకు పిలిచింది. "మూటల పాత చీర ముక్క ఉంటది, తే బిడ్డా. ఎవలకు జెప్పకు" అంది. నాకప్పటికి అన్నీ తెలియవు. ఆ గుడ్డ అడిగిందంటే ఆమె ఇక ఎవరినీ, దేన్నీ ముట్టుకోదని మాత్రం తెలుసు. అవ్వ బాపమ్మతో మెల్లగా, "అత్తా, బయటైన" అంది.

బాపమ్మ ముఖం మాడిపోయింది. కొంచెంసేపు ఆలోచించి, "దర్వాజ మంచిగనే ఉన్నది గదా. పసుపు నేనే పూస్త. నువ్వు గీ కొట్టంలనే కూసో" అంది.

దర్వాజ మంచిగా లేదు. రాత్రి తేమకు కట్టె ఉబ్బింది. వాకిట్లో నాయిన నిలువు చెక్క నాలుకను కడప రంధ్రంలో పెట్టి కొయ్యసుత్తితో తట్టాడు. అది సగం దిగి మొండికేసింది. ఇంకో దెబ్బ వేస్తే కడప చీలుతుంది. చుట్టాలంతా నిలబడి చూస్తున్నారు. పంతులు ఆకాశం వైపు చూసి, "కానియ్యండి, కానియ్యండి, గడియ దాటుతది" అంటున్నాడు.

నాయిన, "జరాగుండ్రి, ఆచారం ఉన్నది" అని దుప్పటి కట్టమని బాపమ్మకు చెప్పి, కొట్టంలోకి వచ్చాడు. నేను అవ్వ పక్కనే ఉన్నాను.

"కట్టె ఉబ్బింది. రెండుసార్లు రంద పట్టాలె. రా" అన్నాడు.

"నేను బయటున్న" అంది అవ్వ.

నాయిన రమ్మని మళ్ళీ అనలేదు. తిట్టలేదు. తన కుడిచేతి వైపు ఒకసారి చూసుకొని, ఎడ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది నేను కళ్ళారా చూసింది అప్పుడే. బయట బాపమ్మ అప్పుడే హారతి అందుకుంది. పాడేది వింటుంటే ఆమెకూ ఏమీ తోచడం లేదని తెలుస్తోంది, మొదటి చరణమే మళ్ళీ మళ్ళీ పాడుతోంది.

అవ్వ లేచింది. కుడితి తొట్టి పక్కనున్న చెంబుతో తల మీద నీళ్ళు కుమ్మరించుకుంది. తడి బట్టలతోనే వాకిట్లోకి నడిచింది. పనిముట్ల సంచి పట్టుకొని నాయిన వెనకాలే వెళ్ళాడు. చూసిన ఆడవాళ్ళు, "ఎంత నిష్ఠ, తడి బట్టతోని వచ్చింది సూడు" అనుకున్నారు. ఆ మాట అవ్వకు వినిపించింది. ఆమె అడుగు ఒకచోట తడబడింది.

దుప్పటి ఒక కొస పందిరి గుంజకు కట్టారు, ఇంకో కొస నేను పట్టుకున్నాను. లోపల అవ్వ చాలాసేపు ఆ చెక్కను ఊరికే చూస్తూ నిలబడింది. తర్వాత రందను కళ్ళకద్దుకొని, "తప్పైతే నాదే స్వామీ, ఈ ఇంటోళ్లది గాదు" అంది. సర్రుమంది రంద. పల్చని పొట్టు తడి పాదాల మీద రాలి అతుక్కుంది. ఆమె చెయ్యి కొంచెమైనా వణకలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాకు భయమేసి దుప్పటి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

దర్వాజ నిట్టనిలువునా లేచి నిలబడింది. చుట్టాలు చేతులతో తడిమి మెచ్చుకున్నారు. పటేలు దంపతులు పీటల మీద కూర్చున్నారు, పటేలమ్మ దీపం వెలిగించి కడపకు బొట్లు పెట్టింది. బెల్లపన్నం వాసన వాకిలంతా కమ్ముకుంది. నేను, తమ్ముడు పొట్టలు పగిలేలా తిన్నాం. అవ్వ ముట్టలేదు. తిరుగు ప్రయాణంలో పనిముట్లకు దూరంగా, బండి వెనక కొసన కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంది.

దసరా దాటాక ఘనపూర్ నుంచి వచ్చిన ఒకాయన ఆ కబురు చెప్పాడు. పటేలు చిన్న కొడుక్కు జ్వరం వచ్చింది. జనగామ దవాఖానకు తీసుకుపోయారు. పిల్లవాడు తిరిగి రాలేదు. అవ్వ బియ్యం చెరుగుతోంది. చేట చేతిలోంచి జారి బియ్యం వాకిలంతా చిమ్మింది. ఆమె వాటిని ఎత్తలేదు.

ఆ రోజు నుంచి అవ్వ రంద ముట్టలేదు.

నాయిన బతిమాలాడు. "జరంతోటి పోయిండే పిలగాడు. గా ఊళ్లె జరంతోటి ఇంకా పోయిన్రు" అన్నాడు.

"వాళ్ల ఇండ్లల్ల నేను రంద పట్టలే" అంది అవ్వ.

బాపమ్మ ఏడ్చింది, అలిగింది, అన్నం మానేసింది. తర్వాత ఆమే అలసిపోయి తింది. నాయిన తనే చిన్న రంద పట్టబోయి ఒక కడప పాడుచేశాడు. దర్వాజ పనులు పక్క ఊరికి పోయాయి. నాగళ్ళు, విత్తే గొర్రులు చేసుకుంటూ కొన్నాళ్ళు లాగాం గానీ, ట్రాక్టర్లు దిగాక అవీ పోయాయి. నాయిన భూపాలపల్లిలో ఒక సామిల్లులో కూలికి కుదిరాడు. దుంగలను మిషను దాకా తోసే పని. దర్వాజలు చేసిన మనిషి దుంగలు తోసేవాడయ్యాడు. మేమూ మూట కట్టుకొని వెనకాలే పోయాం. అవ్వ నాలుగిళ్ళలో అంట్లు తోమింది. సాయంత్రం నాయిన ఇంటికొస్తే ఒంటినిండా రంపపు పొడి. వాసన టేకుదే. అయినా అవ్వ ఆయన చొక్కా దులిపేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది.

ఘనపూర్‌లో ఏ చెడు జరిగినా అది అవ్వ లెక్కలోకే వచ్చేది. పటేలుకు పక్షవాతం వచ్చిందని విన్నా, ఆ ఇంటి బావి ఎండిందని విన్నా ఆమె ఆ పూట పస్తే. మేము చెప్పి చూసి, విసిగి, మానేశాం. పెద్దయ్యాక నాకు ఒక్కోసారి ఆమె మీద కోపమే వచ్చేది. ఒక మనిషి తనను తాను ఎన్నాళ్ళని దండించుకుంటుంది? బాపమ్మ పోయింది, నాయిన పోయాడు. అవ్వ జనగామలో నా దగ్గరికి వచ్చి చేరింది.

నడుము వంగిపోయాక, ఒకరోజు అవ్వ ఉన్నట్టుండి "ఘనపూర్ పోదాం" అంది. ఆ గొంతు విని వెంటనే బయల్దేరాను. బస్సు దిగి ఆటోలో ఆ ఇంటి ముందుకు పోయాం. గోడలకు కొత్త రంగులు వేశారు, పక్కన ఎరువుల దుకాణం వెలిసింది. దర్వాజ మాత్రం అలాగే నిటారుగా ఉంది. ఎక్కడా ఒక్క బీట లేదు. అవ్వ దాని వైపు ఒక్క చూపు చూసి, "దొడ్డి దిక్కుకెళ్లి పోదాం బిడ్డా" అంది.

దొడ్లో ఒక ముసలామె నులకమంచం మీద అనపకాయలు ఒలుస్తోంది. పటేలమ్మ.

"ఎవలు?" అంది కళ్ళు చికిలించి.

"పాలకుర్తి దిక్కు వడ్లోళ్లమమ్మా. మీ దర్వాజ మేమే చేసినం" అంది అవ్వ.

"దుప్పటోళ్లా?" అంది పటేలమ్మ. నవ్వింది కూడా. "ముందటికెళ్లి రాకుంట గిట్లెందుకొచ్చిన్రు?"

అవ్వ కూర్చోలేదు. మంచానికి దూరంగా నిలబడి చెప్పింది. "నేను ఆ కడప తొక్కలేనమ్మా. ఆ దినం దుప్పటి ఎనక రంద పట్టింది మా ఆయన గాదు, నేను. అప్పుడు నేను బయటున్న. బయటుండి ముట్టిన. నీ కొడుకు నా చెయ్యి పడే పోయిండు. గీ మాట చెప్పకుంట సావలేక వచ్చిన. తిట్టుతవో, కొట్టుతవో నీ ఇష్టం."

అనపకాయలు ఒలిచే చేతులు ఆగిపోయాయి.

"గీ ముచ్చట ఎవలకన్న చెప్పినవా?" అంది చివరికి.

"మా ఇంటోళ్లకు తప్ప ఎవలకు చెప్పలే."

"నేను ఇంటోళ్లకు సుత చెప్పలే" అంది పటేలమ్మ. "ఆ పొద్దు నేను సుత బయటనే ఉన్న. పొద్దుగాల్నే అయిన. ఇంటినిండ సుట్టాలు. పంతులేమో గడియ దాటుతదంటాండు. మా అత్త ఎసొంటిదో ఊరికెరుక. నోరు మూసుకొని పీటల మీద కూసున్న. దీపం నేనే పెట్టిన. కడపకు బొట్టు నేనే పెట్టిన. పిలగాడు పోయిన కాన్నుంచి నేను సుత ఆ దర్వాజల నడువలే. గీ దొడ్డి దారే నాకు."

అవ్వ మంచం పక్కన నేల మీద కూలబడింది. "కాదమ్మా, నా చేతి పాపమే" అంది.

"నువ్వు కట్టెను ముట్టినవ్. నేను దేవుణ్ణి ముట్టిన. పాపం ఎవలది పెద్దది?" అంది పటేలమ్మ.

"నాదే."

"నీదెట్లయితది? కన్నది నేను."

ఇద్దరు ముసలివాళ్ళు ఆ తప్పు నాదంటే నాదని పొలం గట్టు తగాదాలా కొట్లాడుకున్నారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. చివరికి మాటలు అయిపోయాయి. పటేలమ్మ ఒక అనపకాయను చేతిలోకి తీసుకొని ఒలవకుండా అలాగే పట్టుకుంది. చాలా మెల్లగా, "జరమొచ్చింది వానికి. జరమే గదా వచ్చింది" అంది. ఆ మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదని గొంతులోనే తెలిసింది. అవ్వ "జరమే" అంది.

ఆ తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. పటేలమ్మ టీ పెట్టించింది. అవ్వ ఆమెతో పాటు కూర్చొని కొన్ని అనపకాయలు ఒలిచింది. వచ్చేటప్పుడు కూడా దొడ్డిదారినే వచ్చాం. అన్నేళ్ల అలవాటు ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది?

బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక నా వైపు తిరిగింది.

"అయితే ఊకెనే ఇడిసిపెట్టిన్నా బిడ్డా రందను?"

సామిల్లులో నాయిన తోసిన దుంగలు, భూపాలపల్లిలో ఆమె తోమిన అంట్లు, తమ్ముడి ఆగిపోయిన చదువు, అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఆమెకు ఏదైనా ఓదార్పు మాట చెప్పి ఉండవచ్చు. అబద్ధం చెప్పడానికి ఆ రోజు నాకు ఓపిక లేకపోయింది.

"అవునే అవ్వా, ఊకెనే" అన్నాను.

అవ్వ తల ఊపింది. జనగామ వచ్చేదాకా బయట పత్తి చేలు చూస్తూ కూర్చుంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు అడిగినదానికి ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.